మాట మారిస్తే ముద్దాయి మారతాడు

రజాకార్ అన్న మాటకు తెలుగులో పర్యాయపదం ఏమిటి?

నిఘంటువులో దొరికే అర్థం ఒకటుంది. తన ఇష్టంతో ముందుకొచ్చి పనిచేసేవాడు, స్వచ్ఛంద సేవకుడు. ఉర్దూలో ఇప్పటికీ ఆ అర్థం ఉంది. వరదలొస్తే అన్నం పొట్లాలు పంచేవాడిని కూడా రజాకారే అనొచ్చు. కానీ నల్గొండ, వరంగల్ పల్లెల్లో ఈ మాట చెవిన పడితే అన్నం పొట్లం గుర్తుకు రాదు. కాలిన ఇళ్లు గుర్తుకొస్తాయి. ఖాసిం రజ్వీ నాయకత్వంలో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఊళ్ల మీదికి వదిలిన మూక గుర్తుకొస్తుంది. కాబట్టి నిఘంటువు అర్థం ఈ నేల మీద చెల్లదు.

రెండో అర్థం ఇంకొకటుంది. అది ఏ నిఘంటువులోనూ లేదు. సినిమా పేజీల్లో, పోస్టర్ల మీద, ఉపన్యాసాల్లో ఉంది. రజాకార్ అంటే ముస్లిం. ముస్లిం అంటే రజాకార్. ఇదీ చెల్లదు. మొదటిది చెల్లదని చెబితే అందరూ ఒప్పుకుంటారు. రెండోది చెల్లదని చెప్పడానికే మేం ఇంత రాయాల్సి వస్తోంది.

మా తిరుమలగిరి 2016 దాకా నల్గొండ జిల్లాలో ఉంది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. సాగర్ దగ్గర ఇంకో తిరుమలగిరి ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో మరో తిరుమలగిరి ఉంది. ఉత్తరం మీద 'తిరుమలగిరి' అని మాత్రం రాసి పోస్టు చేస్తే అది ఏ ఊరికి చేరుతుందో చెప్పలేం. పేరు ఒక్కటైనంత మాత్రాన ఊరు ఒక్కటి కాదు. దగ్గర దగ్గరగా వినిపించే రెండు మాటలు కూడా అంతే. ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఉత్తరం వేరే ఇంటికి పోతుంది. ఆ ఇంట్లో వాళ్లకి దాన్ని చదివే అవకాశం కూడా రాదు. శిక్ష మాత్రం పడుతుంది.

మా ఊళ్లో డిగ్రీ చదివే ఒక పిల్లవాడికి కాలేజీలో 'మా భూమి' సినిమాను పరిచయం చేస్తూ రాసుకు రమ్మన్నారు. 'సొంత మాటల్లో రాయాలి' అని షరతు. వాడి దగ్గర ఎవరో రాసిన నాలుగు వాక్యాల పరిచయం ఉంది. అది సుమారుగా ఇట్లా ఉంది:

దొర గడీలో వెట్టి చేసే రామయ్య పట్నం పోయి, మక్బూల్ దగ్గర సంఘం సంగతులు నేర్చుకుంటాడు. ఊరికి తిరిగొచ్చి దొర మీద, దొరకు అండగా నిలిచిన నైజాం సర్కారు మీద, రజాకార్ల మీద తిరగబడతాడు. యూనియన్ సైన్యం వచ్చాక పారిపోయిన దొర ఖద్దరు టోపీ పెట్టుకుని తిరిగొస్తాడు. రామయ్య పోరాటం ఆగదు.

పిల్లవాడు వాక్యాల కట్టు కదపలేదు. మాటలు మాత్రం మార్చాడు. మార్చాక ఇట్లా తయారైంది:

జమీందారు కోటలో కూలి చేసే రామయ్య నగరం వెళ్లి, ఒక కార్మిక నాయకుడి వద్ద చైతన్యం పొందుతాడు. స్వగ్రామానికి తిరిగొచ్చి జమీందారు మీద, జమీందారుకు అండగా నిలిచిన ముస్లిం పాలన మీద, ముస్లిం మూకల మీద తిరగబడతాడు. విమోచన జరిగాక పారిపోయిన జమీందారు గాంధేయవాదిగా తిరిగొస్తాడు. రామయ్య పోరాటం ఆగదు.

'ఇదేంది బేటా' అంటే వాడన్నాడు, 'అర్థం ఒక్కటే గదా చిచ్చా, మాటలే మార్చిన.'

వాడు సాయిబుల పిల్లవాడే. వాడికి ఎవరి మీదా ద్వేషం లేదు. ఆ మాటలు వాడు కల్పించుకున్నవీ కావు. రోజూ చదివే కాగితాల్లోంచి, వినే ఉపన్యాసాల్లోంచి ఏరుకున్నవి. అందుకే వాడి కాగితాన్ని ఒక పిల్లవాడి కాగితంగా కాక, తెలుగులో సినిమాల గురించి రాసే పద్ధతికి ఒక నమూనాగా చూడాలి. ఒక్కో మాటే తీసి చూద్దాం.

దొరకు జమీందారు పర్యాయపదం కాదు. జమీందారీ అన్నది ప్రధానంగా కోస్తాలో, ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో నడిచిన పద్ధతి. తెలంగాణలో ఉన్నవాళ్లు దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు, జాగీర్దార్లు. శిస్తు వసూలు చేసే అధికారం చేతిలో పెట్టుకుని, రికార్డులు రాసేది కూడా తామే కావడంతో ఊళ్లకు ఊళ్లు తమ పేర రాసుకున్నవాళ్లు. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో నలభై వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశారు. 'దొర' తీసేసి 'జమీందారు' పెట్టగానే ఈ భూమి లెక్క, ఈ పేర్లు, ఈ కులాలు కనపడకుండా పోతాయి. దొర ఎవరో తెలిసినప్పుడే నైజాం సర్కారు ఎవరి భుజాల మీద నిలబడిందో తెలుస్తుంది. ఆ భుజాలు ఎక్కువ భాగం హిందూ అగ్రకులాలవి.

వెట్టికి కూలి పర్యాయపదం అసలే కాదు. కూలి అంటే డబ్బులిచ్చే పని. వెట్టి అంటే ఇవ్వని పని. రెండూ ఎదురెదురు మాటలు. ఒకదాని చోట ఇంకొకటి పెట్టడం ఆకలి అన్న చోట అన్నం అని రాయడం లాంటిది. గడీ కూడా కోట కాదు. కోట శత్రువుల నుంచి కాపాడుకోవడానికి. గడీ ఊరి జనాన్ని అణచడానికి. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' సినిమాను పరిచయం చేసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. దాసిని 'పనిమనిషి' అని రాసేస్తారు. పనిమనిషికి జీతం ఉంటుంది, సాయంత్రానికి ఇల్లుంటుంది. పెళ్లికూతురి వెంట సామానుతో పాటు అత్తింటికి పంపే ఆడబాపకు ఆ రెండూ లేవు. ఒక్క మాటతో ఆ ఆడమనిషి బతుకంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇప్పుడు మక్బూల్ దగ్గరికి వద్దాం. మాకు ఎక్కువ నొప్పి కలిగించే మార్పు ఇదే.

కథలో రామయ్య కళ్లు తెరిపించినవాడు మక్బూల్. పట్నంలో కార్మిక సంఘంలో పనిచేసే ముస్లిం. నాయకుడిని నాయకుడిగా తయారుచేసింది అతని సహవాసమే. పరిచయంలో అతను 'ఒక కార్మిక నాయకుడు' అయిపోయాడు. పేరు పోయింది. పేరుతో పాటు మతమూ పోయింది. మంచి పని చేసినప్పుడు మతమెందుకు, మనిషి చాలదా అని సెక్యులర్ మిత్రులు అడగొచ్చు. సరే, చాలు. అయితే అదే పేరాలో రెండు మాటల తర్వాత నైజాం సర్కారు 'ముస్లిం పాలన' ఎందుకైంది? రజాకార్లు 'ముస్లిం మూకలు' ఎందుకయ్యారు? మేలు చేసినవాడికి మతం లేదు, కీడు చేసినవాడికి మతం తప్ప ఇంకేమీ లేదు. మంచోడైతే కార్మికుడు, రైతు, కామ్రేడ్. చెడ్డోడైతే ముస్లిం. ఈ లెక్కతో వందేళ్ల చరిత్ర రాసుకుంటూ పోతే చివరికి చరిత్రలో మిగిలే ముస్లింలు ఎవరు?

ఇది సినిమాతో మొదలైంది కాదు. మా తిరుమలగిరి నుంచి జనగామ పోయే దారిలో కామారెడ్డిగూడెం వస్తుంది. షేక్ బందగీ ఊరు అది. తన భూమి కోసం కోర్టుకెక్కి, గెలిచి, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల చేతుల్లో 1940లో చనిపోయినవాడు. దొడ్డి కొమరయ్య కడవెండిలో నేలకొరిగింది 1946 జూలై 4న. దానికి ఎన్నో ఏళ్ల ముందే అదే దేశ్‌ముఖ్ మీద ఒంటరిగా నిలబడినవాడు బందగీ. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మా భూమి' నాటకానికి ప్రాణం పోసింది బందగీ కథే. ప్రజానాట్యమండలి ఆ నాటకాన్ని ఊరూరా ఆడింది. ఇవాళ ఆ నాటకం గురించి రెండు వాక్యాలు రాయమంటే చాలామంది రాసేది 'ఒక పేద రైతు కథ' అని. పేద రైతు అన్నది అబద్ధం కాదు. కానీ ఆ పేద రైతుకు ఒక పేరుంది. ఆ పేరు షేక్ బందగీ. 'ముస్లిం పాలన మీద హిందువుల పోరాటం' అన్న మాట చెల్లకుండా పోవాలంటే ఆ పేరు ఒక్కటి పలికితే చాలు. అందుకే ఆ పేరును తీసేయడం అంత అమాయకమైన పని కాదు.

'మా భూమి' సినిమా పుట్టుక కూడా ఈ లెక్కకు లొంగేది కాదు. 1980లో విడుదలైన ఆ సినిమాకు ఆధారం 'జబ్ ఖేత్ జాగే' అనే ఉర్దూ నవల. రాసినాయన కృష్ణ చందర్. ముస్లిం కాదు. తీసినాయన గౌతమ్ ఘోష్. తెలుగువాడు కాదు, బెంగాలీ. తెలుగు రైతుల తిరుగుబాటును ఒక హిందూ రచయిత ఉర్దూలో రాస్తే, ఒక బెంగాలీ దాన్ని తెలుగు సినిమాగా తీశాడు. ఉర్దూకు 'ముస్లింల భాష' అని పర్యాయపదం రాసేవాళ్లు ఈ సంగతిని ఏ గడిలో పెడతారు?

నైజాం సర్కారు 'ముస్లిం పాలన' ఎట్లా కాదో చూద్దాం. పాలకుడు ముస్లిం, అది నిజం. పై ఉద్యోగాల్లో ముస్లింలు ఎక్కువ, అదీ నిజం. కానీ పాలన ఫలం ఎవరికి దక్కిందన్నది వేరే ప్రశ్న. ఊళ్లో దూదేకుల సాయిబుకు, మేకలు కోసే కటికె సాయిబుకు, జట్కా తోలే సాయిబుకు ఆ పాలనలో దక్కిందేమిటి? వాళ్లూ దొర ముందు చెప్పులు విప్పి నడిచినవాళ్లే. అసలు చిత్రం ఇంకొకటుంది. ఎవరి నుంచి విమోచన జరిగిందని చెబుతున్నారో ఆ మీర్ ఉస్మాన్ అలీ ఖానే 1950 జనవరి 26 నుంచి 1956 దాకా భారత రాజ్యాంగం కింద హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు. నవాబు రాజప్రముఖ్ అయ్యాడు. దొర ఖద్దరు టోపీ పెట్టాడు. ఖాసిం రజ్వీ జైల్లో ఉండి 1957లో బయటికొచ్చి పాకిస్తాన్ పోయాడు. రాజ్యమేలిన వాళ్లంతా ఏదో ఒక ఒడ్డుకు చేరారు. మేం మాత్రం తిరుమలగిరిలోనే ఉన్నాం. వాళ్ల లెక్కలకు జవాబు చెప్పే పని మా మీద పడింది.

'ఖద్దరు టోపీ'ని 'గాంధేయవాది' అని మార్చిన చోట మాకు నవ్వొచ్చింది. సినిమాలో ఆ టోపీ దొర చేసే మోసానికి గుర్తు. నిన్నటిదాకా నైజాం మనిషి, ఇవాళ కాంగ్రెస్ మనిషి, భూమి మాత్రం ఎప్పటిలాగే అతనిది. మాట మార్చగానే దొరకు మనసు మారినట్టయింది! సినిమా తీసినవాళ్లు వేలెత్తి చూపిన చోట రాసినవాడు దండం పెట్టాడు.

ఇక 'విమోచన'. 1948 సెప్టెంబర్ 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసిన దాడికి సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. ప్రభుత్వం పెట్టిన పేరు పోలీసు చర్య. మేజర్ జనరల్ చౌదరి నడిపించిన సైన్యం, ట్యాంకులు, విమానాలు... అయినా అది పోలీసు చర్యే! బయటి దేశాలు వేలు పెట్టకుండా ఇంటి సంగతి అని చెప్పుకోవడానికి ఎంచుకున్న మాట అది. అదే సెప్టెంబర్ 17ను కొందరు విలీనం అన్నారు, కొందరు విమోచన అన్నారు, కొందరు విద్రోహం అన్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి విమోచన దినం జరుపుతోంది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో, 2023లో జాతీయ సమైక్యతా దినం అంది, ప్రభుత్వం మారాక 2024లో ప్రజాపాలన దినం అంది. ఒకే తేదీ, ఒకే పట్నం, పక్కపక్కన రెండు జెండాలు, రెండు పేర్లు. ఇవి పర్యాయపదాలైతే ఇంత కొట్లాట ఎందుకు? ఒక్కో మాట వెనుక ఒక్కో కథ ఉంది. ఒక్కో కథలో ఒక్కో ముద్దాయి ఉన్నాడు.

'మా భూమి' సినిమా ఆ దాడితో ఆగిపోలేదు. సైన్యం వచ్చాక కూడా రామయ్య తుపాకి దించడు. చరిత్రలోనూ అంతే. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో. మధ్య మూడేళ్లు రైతులు ఎవరితో పోరాడారు? 'విమోచన' అన్న మాట పెట్టాక ఆ మూడేళ్లకు చోటే లేదు. విమోచన జరిగిపోయాక పోరాటం ఎందుకాగలేదో ఆ పరిచయం చదివినవాడికి అర్థం కాదు. మార్చిన మాట పక్క వాక్యాన్నే అర్థం లేకుండా చేసింది.

ఆ సెప్టెంబర్‌లో ఇంకొకటి జరిగింది. మా పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేది. సైన్యం వచ్చిన రోజుల్లో, ఆ తర్వాత, హైదరాబాద్ రాష్ట్రంలో ముస్లింల మీద దాడులు జరిగాయి. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 చివరి నెలల్లో ఊళ్లు తిరిగి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అందులో రాశారు. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ తర్వాతి వరుసలో పేర్కొన్న నాలుగు జిల్లాల్లో మా నల్గొండ కూడా ఉంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. 2013లో గానీ జనం చదువుకునే వీలు దొరకలేదు.

ఆ చనిపోయినవాళ్లంతా రజాకార్లా? కాదు. రజాకార్ అన్న చోట ముస్లిం అని చదువుకున్నందుకు చనిపోయినవాళ్లు. ఇవాళ సినిమా పరిచయంలో కలంతో చేసే మార్పును ఆ రోజు కత్తితో చేశారు. అదే నివేదికలో ఇంకో సంగతి కూడా ఉంది. హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్లను కాపాడటానికి అడ్డం నిలబడ్డారు, కొందరు ఆ పనిలో ప్రాణాలే పోగొట్టుకున్నారు. వాళ్లు తమ పక్క మగ్గం వాడిని 'ముస్లిం' అని చదవలేదు. నేతగాడని చదివారు. పర్యాయపదాన్ని ఒప్పుకోని మనుషులు ఆ రోజూ ఉన్నారు.

2024 మార్చి 15న 'రజాకార్' పేరుతో సినిమా వచ్చింది. యాట సత్యనారాయణ దర్శకుడు. 2023లో టీజర్ వచ్చినప్పుడే గొడవ రేగింది. రజాకార్ల దుర్మార్గం మీద సినిమా తీయకూడదని మేం అనం. పరకాల నిజం. బైరాన్‌పల్లి నిజం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు దగ్గర రాలిన ప్రాణాలకు లెక్క చెప్పాల్సిందే. మా అభ్యంతరం ఆ సినిమాకు తగిలించిన ఉపశీర్షికలోని మాట మీద. 'సైలెంట్ జెనోసైడ్ ఆఫ్ హైదరాబాద్' అన్నారు. ఆ మాటను తెలుగులో రాసేవాళ్లు ఒకచోట మారణకాండ అని, ఒకచోట ఊచకోత అని, ఒకచోట జాతి హననం అని ఎట్లా తోస్తే అట్లా మార్చుకుంటూ పోతారు. ఇవి ఒకటి కావు. జెనోసైడ్ అన్న మాటను రాఫెల్ లెమ్కిన్ 1944లో తయారుచేశాడు. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందంతో అది చట్టపు మాట అయింది. ఒక జాతిని, తెగను, మతవర్గాన్ని పూర్తిగా గానీ కొంత గానీ లేకుండా చేయాలన్న ఉద్దేశంతో చేసే నేరం అది. ఊచకోతలో ముద్దాయి చంపినవాడు. జాతి హననం అనగానే కథ మొత్తం ఒక జాతికీ ఇంకో జాతికీ మధ్య యుద్ధంగా కనబడుతుంది. ముద్దాయిల బోనులోకి ఒక మూకకు బదులు ఒక మతం వచ్చి నిలబడుతుంది. అందులో మా తాతలు, మేం, ఇంకా పుట్టని మా పిల్లలూ ఉంటారు.

ఈ మాటల మార్పిడిని సరిచూసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో షోయబుల్లా ఖాన్ హత్య జరిగింది. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని రాసినందుకు రజాకార్లు చంపారు. ఈ వాక్యంలో 'రజాకార్లు' తీసి 'ముస్లింలు' పెట్టండి. యూనియన్‌లో కలవాలన్న ముస్లింను ముస్లింలు చంపారు. వాక్యం కూలిపోయింది. చంపింది ఎవరు, చచ్చింది ఎవరు, ఎందుకు, ఏదీ తెలియదు. తెలంగాణ పోరాటానికి నాయకుల్లో ఒకడైన మఖ్దూం మొహియుద్దీన్‌ను ఈ పరీక్షలో పెట్టండి. మళ్లీ కూలిపోతుంది. నిజమైన పర్యాయపదమైతే ప్రతి వాక్యంలోనూ నిలబడాలి. తామర అన్న చోట కమలం పెడితే నిలబడుతుంది. రజాకార్ అన్న చోట ముస్లిం నిలబడదు. తనకు అనుకూలమైన వాక్యాల్లోనే నిలబడే మాటను పర్యాయపదం అనరు, ప్రచారం అంటారు.

మనవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఈ దెబ్బలకు విసిగి మనలో కొందరు రెండో వైపు పోతారు. 'రజాకార్ అంటే వాలంటీరే గదా, ఊరికే బద్నాం చేశారు' అంటారు. ఇదీ మాట మార్చడమే. నిఘంటువును అడ్డం పెట్టుకుని బైరాన్‌పల్లిని దాచడం. రజాకార్లు ముస్లింల పేరు చెప్పుకుని దొరలకు, నవాబుకు కాపలా కాసిన మూక. వాళ్లను వెనకేసుకొస్తే షోయబుల్లా ఖాన్‌ను మళ్లీ చంపినట్టే. రజాకార్‌ను రజాకార్ అనే పిలవాలి. దానికి 'సేవకుడు' అని రంగు వేయొద్దు, 'ముస్లిం' అని మసి పూయొద్దు.

మరి ఎందుకు మారుస్తారు మాటలు? చాలామంది చెప్పే కారణం, కాపీ కొట్టినట్టు ఉండకూడదని. ఈ కారణమూ నిలవదు. 1957 నాటి కాపీరైట్ చట్టం కాపాడేది రాసిన తీరును. కథలో ఏం జరిగిందన్న సంగతి ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా చెప్పుకోవచ్చు. ఇంకొకరి వాక్యం ఎముకలు అట్లాగే ఉంచి పైన తోలు మార్చితే అది సొంతం కాదు. దొంగతనమూ పోదు, సత్యం మాత్రం పోతుంది. సొంత మాటల్లో రాయడమంటే సినిమా చూసి, పరిచయం కాగితం పక్కన పెట్టి, తనకు అర్థమైంది తన వరుసలో చెప్పడం. చూడని సినిమాను ఎన్ని మాటలు మార్చినా పరిచయం చేయలేం.

ఇప్పుడు ఈ పనికి మనిషి కూడా అక్కర్లేదు. పేరా పెడితే మాటలు మార్చి ఇచ్చే యంత్రాలొచ్చాయి. వాటికి మతం లేదు గదా, నిష్పక్షంగా ఉంటాయని కొందరి ఆశ. ఆ యంత్రాలు మాటల దగ్గరితనాన్ని నేర్చుకునేది మనం రాసి పెట్టిన కాగితాల్లోంచే. ఏ రెండు మాటలు పక్కపక్కన, ఒకే రకం వాక్యాల్లో ఎక్కువసార్లు కనబడితే ఆ రెండూ దగ్గరి మాటలని లెక్క వేసుకుంటాయి. డెబ్బై ఏళ్లుగా రజాకార్ పక్కన ముస్లిం అని రాస్తూ వచ్చాం. యంత్రం ఆ రెంటినీ చుట్టాలనుకుంటే తప్పు యంత్రానిదా? మనం రాసినదే మనకు తిరిగొస్తుంది. తేడా ఏమంటే, రాసినవాడి పేరు ఇప్పుడు ఉండదు. అడగడానికి మనిషి ఉండడు.

అందుకని సినిమాల గురించి రాసే మిత్రులను, పిల్లలకు 'సొంత మాటల్లో రాయండి' అని చెప్పే సార్లను, ఈ సంకలనం చదివే ముస్లింలను, ముస్లిమేతరులను మేం అడిగేది ఇంతే. మనిషి పేరును మార్చొద్దు. మక్బూల్‌ను మక్బూల్ అనే రాయండి, బందగీని బందగీ అనే రాయండి. దొర, గడీ, వెట్టి, ఆడబాప వంటి మాటలు నేటి పాఠకుడికి తెలియవనుకుంటే పక్కన ఒక ముక్కలో వివరించండి, తీసేయకండి. పని చేసినవాడిని చేసిన పనితో చెప్పండి. చంపింది రజాకారైతే రజాకార్ అనండి. తిరిగొచ్చింది దొరైతే దొర అనండి. సైన్యం వచ్చిందని రాయాల్సిన చోట సైన్యం వచ్చిందనే రాయండి. అది విమోచనా విలీనమా అన్నది చదివేవాడు చరిత్ర చూసి తేల్చుకుంటాడు. మార్చిన ప్రతి మాట దగ్గర ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మార్పుతో బోనులో నిలబడ్డ మనిషి మారాడా? మారితే అది పర్యాయపదం కాదు, తీర్పు.

ఆ పిల్లవాడు పరిచయం మళ్లీ రాశాడు. ఈసారి సినిమా చూసి రాశాడు. మొదటి వాక్యమే మక్బూల్ పేరుతో మొదలుపెట్టాడు. కాలేజీలో ఎన్ని మార్కులొచ్చాయో మేం అడగలేదు.